మస్టాంగ్ ఇచ్చేసి కేమన్ తెచ్చుకోవాలా? పాలకొల్లు తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. మీ దగ్గర 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది. 31 వేల కిలోమీటర్లు తిరిగింది, మీరు రెండో ఓనరు. హైదరాబాద్‌లో ఒక డీలరు మీ బండి తీసుకుని, పైన 27 లక్షలు ఇస్తే 2019 పోర్షా 718 కేమన్ చేతిలో పెడతానంటున్నాడు. అది 24 వేలు తిరిగిందట. ఫోర్డ్ వాళ్లు దుకాణం కట్టేశారు కదా, రేపు పార్టులు దొరక్కపోతే బండి పాత ఇనుముకి పోతుందేమోనని మీ టెన్షన్. ఇంట్లో మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప. ఊరు పాలకొల్లుకి దిగువన, చుట్టూ రొయ్యల చెరువులు. నెలాఖరులోగా తేల్చమని డీలరు తొందరపెడుతున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలిగా. తణుకు పక్కన మాకు రైస్ మిల్లు ఉంది. 2011 నుంచి మూడు స్పోర్ట్స్ కార్లు ఆ మిల్లు షెడ్డులోనే పెంచాను: మొదట ఆడి టీటీ, తర్వాత నిస్సాన్ 370జెడ్, ఇప్పుడు 2010 మోడల్ కేమన్. మూడూ సెకండ్ హ్యాండే. అంటే రెండుసార్లు ఒక బండి ఇచ్చి ఇంకో బండి తెచ్చుకున్నాను. అందులో ఒకసారి శుభ్రంగా తప్పు చేశాను. మీ ప్రశ్న చదువుతుంటే ఆ తప్పే గుర్తొచ్చింది.

నా జవాబు: ఈ బేరం వద్దు. కేమన్ వద్దని అనడం లేదు. మీకు కనబడుతున్న భయం అసలు భయం కాదు, డీలరు చెప్పిన 27 లక్షలు అసలు ఖర్చు కాదు, పైగా మీ ఇంట్లో ఇప్పుడు రెండు సీట్ల బండికి చోటు లేదు.

ఫోర్డ్ భయం సంగతి చూద్దాం. ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించిన మాట నిజం. ఫిగో, ఎకోస్పోర్ట్ ఉన్నవాళ్లు అప్పుడు కంగారుపడ్డారంటే అర్థం ఉంది, అవి ఇక్కడ పుట్టిన బళ్లు. మస్టాంగ్ ఎన్నడూ ఇక్కడ తయారవలేదు. 2016లో 65 లక్షల ధరకి తెచ్చినప్పుడు కూడా అమెరికాలో మిచిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీ నుంచి పూర్తి బండిగా ఓడెక్కి వచ్చింది. అప్పుడు బంపరు పగిలినా ఓడలోనే రావాలి, ఇప్పుడు పగిలినా ఓడలోనే రావాలి. మారిందల్లా తెప్పించిపెట్టే మనిషి.

ఇంకోటి, మీ బండిలో ఉన్న 5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను కుటుంబాన్ని అమెరికాలో ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లోనూ వాడారు, ఇప్పటి కొత్త మస్టాంగ్‌లోనూ ఉంది. ఫిల్టర్లు, ప్లగ్గులు, సెన్సర్లు లాంటివి దొరక్కపోవడం అనే సమస్య చాలా ఏళ్లు రాదు. కుడిచేతి స్టీరింగ్‌కి సంబంధించిన భాగాలు వేరే కథ. ఫ్యాక్టరీలోనే కుడిచేతి స్టీరింగ్‌తో వచ్చిన మొదటి మస్టాంగ్ తరం మీదే. అందువల్ల స్టీరింగ్ ర్యాక్, హెడ్‌లైట్ లాంటివి అమెరికా షాపు నుంచి కళ్లు మూసుకుని తెప్పిస్తే పొరపాటు పడతారు. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న షాపుని అడగాలి. అక్కడ ఈ బళ్లు బోలెడు అమ్ముడయ్యాయి. భీమవరంలో నాకు తెలిసిన ఒకాయన మస్టాంగ్ కోసం ఇంట్లో ఒక బీరువా అరే కేటాయించాడు: నాలుగు ఆయిల్ ఫిల్టర్లు, ముందు వెనక బ్రేక్ ప్యాడ్లు, బెల్టు, వాటర్ పంపు, ప్లగ్గులు. పట్టుచీరల కింద బ్రేక్ ప్యాడ్లేమిటని వాళ్లావిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ సరుకుకైన డబ్బు మీరు డీలరుకిచ్చే 27 లక్షల పక్కన పెడితే లెక్కలోకి కూడా రాదు.

అటు కేమన్ వైపు చూడండి. 718 పెట్రోలు బండి తయారీని పోర్షా 2025 అక్టోబరులో ఆపేసింది. మీ తరం మస్టాంగ్ 2023తో ముగిసింది. ఆగిపోయిన మోడల్ నుంచి పారిపోయి ఇంకో ఆగిపోయిన మోడల్ దగ్గరికి వెళ్తున్నారన్న మాట. పోర్షా పాత బళ్ల పార్టులు బాగానే ఇస్తుంది, అందులో నాకు సందేహం లేదు. ధర చూసినప్పుడు మాత్రం గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది.

పార్టు దొరకడం కంటే బండి విప్పగల చెయ్యి దొరకడం మన దగ్గర పెద్ద సమస్య. మస్టాంగ్ బానెట్ ఎత్తితే ఇంజను ఎదురుగా ఉంటుంది. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూసుకోవచ్చు. మెకానిక్‌కి వీ8 కొత్తయినా బెల్టు బెల్టే, రేడియేటరు రేడియేటరే. ఆయిల్ ఏడున్నర లీటర్ల పైన పడుతుందని ఒకసారి చెబితే చాలు, మళ్లీ మర్చిపోడు. కేమన్‌లో ఇంజను సీట్ల వెనక, వెనక చక్రాలకి ముందు దాక్కుని ఉంటుంది. ముందు డిక్కీ తీస్తే ఖాళీ, వెనక డిక్కీ తీస్తే ఆయిల్ పోసే మూత, కూలెంట్ పోసే మూత, అంతే. డిప్‌స్టిక్కే లేదు, ఆయిల్ ఎంతుందో మీటరు తెరే చెప్పాలి. మొదటిసారి నా కేమన్‌ని మా మిల్లు మెకానిక్‌కి చూపిస్తే చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి "ఇంజనెక్కడండీ?" అన్నాడు. పాతికేళ్లుగా డీజిలు ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. ఇప్పుడు ఏ పెద్ద పని పడినా ఫ్లాట్‌బెడ్, అంటే బండిని ఎక్కించుకుపోయే లారీ మాట్లాడుకుని నగరానికి పంపడమే. రానూపోనూ, అక్కడ నిలబెట్టడం కలిపి ఒక్కోసారి మూడు వారాలు బండి మొహం కనబడదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. 2016లో టీటీ ఇచ్చేసి 370జెడ్ తెచ్చుకున్నాను. టీటీలో వెనక ఉత్తుత్తి సీట్లు రెండుంటాయి, పెద్దవాళ్లు పట్టరు. మావాడికి అప్పుడు పన్నెండేళ్లు. కాళ్లు ముడుచుకుని ఆ వెనకే కూర్చునేవాడు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం ఆత్రేయపురం దాకా వెళ్లి, పూతరేకులు కొనుక్కుని, దవళేశ్వరం బ్యారేజీ మీదుగా రాజమండ్రిలో టిఫిన్ చేసి ఇంటికి రావడం మాకు అలవాటు. ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు అలాగే తిరిగేది. జెడ్ టీటీ కంటే ఎంతో బలమైన బండి, 3.7 లీటర్ల వీ6. కానీ రెండే సీట్లు. మొదటి నెల తెల్లవారుజామున ఒక్కణ్నే వెళ్లాను. రెండో నెల వెళ్దామనుకున్నాను. ఆ తర్వాత ఆదివారం వస్తే ముగ్గురం ఇన్నోవాలో వెళ్లడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి జెడ్ మీటరులో పెరిగింది పదకొండు వందల కిలోమీటర్లు.

పోతే పోయింది, బండి భద్రంగా ఉంటుంది కదా అనుకుంటాం. మన డెల్టాలో నిలబడ్డ బండి భద్రంగా ఉండదు. వర్షాకాలం దాటాక ఒకరోజు కవరు తీసి చూద్దును కదా, బ్రేక్ డిస్కుల మీద ప్యాడ్ ఆకారంలో అచ్చు వేసినట్టు తుప్పు. బ్యాటరీ చచ్చిపోయింది. క్లచ్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుని పైకి రాలేదు. లోపల క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండరు పోయింది, అది జెడ్‌కి పేరున్న రోగమే. గేరుబాక్సు దింపితే గానీ దాన్ని చేరుకోలేం. మిల్లు కాబట్టి ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు, వైర్ల మీద ఇన్సులేషన్ కొరికి పెట్టాయి. అన్నీ కలిపి ఆ ఏడాది తిరిగిన ఒక్కో కిలోమీటరుకి నాకు ఎంత పడిందో లెక్క వేసి, ఆ కాగితం చించేశాను.

మీ ఊరు నా ఊరి కంటే సముద్రానికి దగ్గర. చెరువుల్లో ఏరేటర్లు రాత్రంతా ఉప్పునీళ్లు చిలుకుతుంటే ఆ గాలిలో ఇంటి గేటు బోల్టే రెండేళ్లకి ఊడి వస్తుంది, అల్యూమినియం ఏసీ కండెన్సరు ఒక లెక్కా? పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలో అది మంచిది కాదు. అందుకే ఏ బండి గురించి ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒకటే, నెలకి ఎన్నిసార్లు షెడ్డు దాటుతుంది? మీ మస్టాంగ్ తొమ్మిదేళ్లలో 31 వేలు తిరిగింది. మీ పాప వెనక సీట్లో కూర్చుంటుందని మీరే రాశారు. కేమన్ వస్తే పాపని ఎక్కడ కూర్చోబెడతారు? ముందు సీట్లో కూర్చోబెడితే మీ ఆవిడ ఇంట్లో ఉండాలి. అలా ఎన్ని ఆదివారాలు?

నా రెండో మార్పిడి మాత్రం సరిగ్గా కుదిరింది. 2019లో మావాడు ఇంటర్‌కని విజయవాడ హాస్టల్లో చేరాడు. మన జిల్లాల్లో పదహారేళ్ల పిల్లలున్న ఇంట్లో వెనక సీటుకి పనేమీ ఉండదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. అప్పుడు జెడ్ అమ్మి కేమన్ తెచ్చాను. ఇప్పుడు నేనూ మా ఆవిడా వెళ్తాం. బండి తిరుగుతోంది కాబట్టే బాగుంది.

సరే, నడపడం గురించి మాట్లాడకుండా స్పోర్ట్స్ కారు గురించి జవాబు రాస్తే మీరే నవ్వుతారు. 718ని కూడా నేను నడిపాను. ఒక స్నేహితుడిది, దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా మీ వైపే. తెల్లారి ఐదున్నర, వశిష్ఠ మీద పొగమంచు ఇంకా విడలేదు. వంతెన దిగాక వచ్చే మలుపులో స్టీరింగ్ తిప్పితే, బండి ముక్కు ముందు తిరిగి మిగతా ఒళ్లు తర్వాత రావడం అనేది లేదు. నా నడుము దగ్గర మేకు కొట్టి దాని చుట్టూ తిప్పినట్టు మొత్తం ఒక్కసారే తిరిగింది. మస్టాంగ్ కంటే దాదాపు మూడున్నర క్వింటాళ్లు తేలిక, పైగా ఆ బరువు మధ్యలో ఉంటుంది. మీ బండిలో 401 హార్స్‌పవర్, దీనిలో 300. ఆ వంద తేడా మన మలుపుల్లో తెలియదు. తేడా తెలిసేది చెవికి. 718లో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. వేగంగానే వెళ్తుంది, కానీ పొద్దున్నే స్టార్ట్ చేస్తే సాయంత్రం పూట రోటావేటరు ఆపబోతున్న ట్రాక్టరు గుర్తొస్తుంది. మీ వీ8 మోగుతుంటే కొబ్బరి తోటల మధ్య ఆ చప్పుడు వెనక్కి తిరిగి వస్తుంది చూడండి, అది అలవాటైన చెవికి ఇది మొదటి వారం నచ్చదు. చాలామంది ఈ ఒక్క విషయం ముందుగా చూసుకోక బాధపడ్డారు.

రోడ్లకి వస్తే మీరు ఊహించిన దానికి తలకిందులుగా ఉంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్ అంకె చూసి మస్టాంగే నయమనుకుంటారు అందరూ. రెండు చక్రాల మధ్య దూరం కూడా చూడాలి. మస్టాంగ్‌ది 2,720 మిల్లీమీటర్లు, కేమన్‌ది 2,475. స్పీడ్ బ్రేకరు మీద పొడుగు బండి పొట్ట ఆనుతుంది, పొట్టి బండి దాటిపోతుంది. మన ఊళ్లలో పెళ్లిళ్లకి, జాతరలకి ఎవరికి వాళ్లు పోసేసే స్పీడ్ బ్రేకర్లు ఏ కొలతలకీ అందవు కాబట్టి రెండిటినీ ఐమూలగానే దాటించాలి. కేమన్ వెడల్పు 1,801, మీది 1,916. కాలవ గట్టు మీద ఎదురుగా కొబ్బరి లారీ వచ్చినప్పుడు ఆ నాలుగున్నర అంగుళాలు ఎంత విలువైనవో మీకే తెలుసు. రోడ్డు విషయంలో మార్కులు కేమన్‌కే వేస్తాను, ఒక షరతు మీద: 18 అంగుళాల చక్రాలతో ఉన్న బండి అయితేనే. షోకు కోసం 20 అంగుళాలవి వేయించి ఉంటే టైరు గోడ చాలా సన్నగా ఉంటుంది. పొలం దున్నే ఇనుప దమ్ము చక్రాల ట్రాక్టరు చెక్కేసిన తారు అంచుకి రిమ్ము పగిలిపోతుంది.

ఇంకొక సంగతి మీకు ఎవరూ చెప్పరు. కేమన్‌లో ఇంజను వెనకున్నా రేడియేటర్లు మాత్రం ముందే, ముక్కుకి రెండు పక్కలా ఉన్న ఆ పెద్ద కన్నాల్లో ఉంటాయి. వాటికి ముందు ఏసీ కండెన్సర్లు. ఆ కన్నాలు రోడ్డుకి జానెడు ఎత్తున నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నగరంలో అయితే ఎండుటాకులు చేరతాయి. మన దగ్గర దాళ్వా, అంటే రెండో పంట కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మిగతా సగం మీద గడ్డి ఎగురుతుంటుంది. నిరుడు మే నెలలో ఏసీ చల్లదనం తగ్గిందని నా బండి ముందు బంపరు విప్పించాను. కండెన్సరుకీ రేడియేటరుకీ మధ్య సందులో తాటిచాప నేసినట్టు గడ్డి, ఊక, తూనీగ రెక్కలు, ఒక చాక్లెట్ కాగితం. వర్షానికి తడిసి, ఆరి, మళ్లీ తడిసి నల్లగా పేడలా అయిపోయింది. చేత్తో తీస్తుంటే దాని కింద కండెన్సరు రెక్కలు పొడిలా రాలాయి. రెండో వైపుది కూడా అంతే. రెండూ మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి కోతలు అవగానే బంపరు విప్పడం నాకు పంచాంగంలో పండగ లాంటిది. గడ్డి రోడ్ల మీద నడిపేవాళ్లు, ఏ బండయినా సరే, కింద వేడి సైలెన్సరుకి గడ్డి చుట్టుకుందేమో ఆగి చూసుకోవాలి. అంటుకుంటుంది.

నీళ్ల సంగతి టూకీగా. 2022 జులై వరద లాంటిది మళ్లీ వస్తే, లేదా మొన్న 2025 అక్టోబరు మొంథా తుఫాను లాంటిది వస్తే ఏ బండినైనా ముందురోజే ఎత్తైన చోటికి తరలించాలి. పాలసీలో ఇంజను ప్రొటెక్షన్ ఉండాలి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఇంతే.

ఇక డీలరు లెక్క. 27 లక్షలనేది గుమ్మం దగ్గర చెప్పే ధర. బండి తెలంగాణ నంబరుది. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. మన రాష్ట్రంలో ఏడాది దాటి ఉంచుకోవాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదనే కాగితం ఎన్‌వోసీ, అంటే ఫారం 28 తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టి నంబరు మార్చుకోవాలి. ఆంధ్రాలో 2021 చివరి నుంచి 20 లక్షలు దాటిన కొత్త కారుకి 18 శాతం. పాత బండికి వయసును బట్టి శాతం తగ్గుతుంది. కానీ ఆ శాతాన్ని మీరు కొన్న ధర మీద కాకుండా బండి కొత్తప్పటి ధర మీద వేస్తారు. 718 కేమన్ 2017లో వచ్చినప్పుడే 81 లక్షల పైచిలుకు. అంటే ప్రతి ఒక్క శాతానికీ 80 వేల పైమాట. ఆర్టీవో ఆఫీసులో బండి మోడల్, తేదీ చెప్పి లెక్క కట్టించుకోండి, కాగితం మీద రాయించుకుని చూడండి. దానికి ఇన్సూరెన్స్, ఫ్లాట్‌బెడ్, రాగానే చేయించాల్సిన సర్వీసు, బహుశా నాలుగు టైర్లు కలపండి. నా అంచనాలో మీ 27 చాలా తేలిగ్గా 40 వైపు నడుస్తుంది.

ఇక్కడే ఒక పెద్దమనిషి దిగి "యానాం నంబరు వేయించేద్దామండీ, పన్ను తక్కువ" అంటాడు. యానాం మనకి పక్క ఊరే కానీ పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉంది, అక్కడి బళ్ల నంబరు పీవై 04తో మొదలవుతుంది. అక్కడ నిజంగా కాపురం ఉంటే నిక్షేపంగా వేయించుకోండి. లేని అద్దె కాగితం పుట్టించి వేయిస్తే అది మోసం కిందికి వస్తుంది. ఇలా పుదుచ్చేరి చిరునామాలతో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించారని 2017లో కేరళలో కేసులు పెట్టారు, పేపర్లలో చదివే ఉంటారు. అంత చప్పుడుగా ఉన్న బండిని పాలకొల్లులో ఎవరి కంటా పడకుండా తిప్పగలరా?

ఎక్స్చేంజి ఆఫర్లలో ఇంకో కిటుకుంది. డీలరు మీ బండికి మంచి ధర చెప్పి తన బండికి అంతకంటే మంచి ధర చెబుతాడు. మీకు కనబడేది మధ్య తేడా ఒక్కటే. అందుకని రెండు ఫోన్లు చేయించండి. మీ బావమరిది చేత "ఎక్స్చేంజి లేదు, నగదు ఇస్తా, కేమన్ ఎంత?" అని అడిగించండి. ఇంకెవరి చేతనైనా "2017 మస్టాంగ్ అమ్ముతా, ఎంతకి తీసుకుంటారు?" అని అడిగించండి. ఆ రెండిటి తేడా 27 కంటే ఎంత తక్కువైతే అంత మేరకు డీలరు మీ బండిని చవగ్గా కొంటున్నట్టు. మస్టాంగ్ కావాలనుకునేవాళ్లు తక్కువమందే, కానీ వాళ్లకి ఇంకేదీ ఆనదు. మీరే నేరుగా అమ్మితే ఆర్నెల్లు పట్టొచ్చు, అయినా మేలు. అమ్మినప్పుడు నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోకండి. అది బండితో పోదు, మీ పేరు మీదే ఉంటుంది. క్లెయిములు లేకపోతే 50 శాతం దాకా వచ్చే రాయితీ అది, తర్వాత బండికి పనికొస్తుంది.

ఇవన్నీ విన్నాక కూడా కేమన్ మీదే మనసుంటే, ఈ బండి కాకపోతే ఇంకోటి, చూసేటప్పుడు నేను చూసేవి చెబుతాను. మీటరులో 24 వేలు అన్నది నమ్మకండి, అబద్ధమనీ అనుకోకండి. పోర్షా కంప్యూటరులో ఇంజను మొత్తం ఎన్ని గంటలు నడిచిందో నమోదై ఉంటుంది. సరైన స్కానరు పెడితే కనబడుతుంది. కిలోమీటర్లని ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగిన బండికి గంటకి 20, 25 వస్తే సబబు. 8 వచ్చిందంటే ఎవరో మీటరుని వెనక్కి తిప్పారు, లేదా బండి షోరూములో నిలబడి గంటలు గంటలు చప్పుడు చేసింది. రెండూ మనకి పనికిరావు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు బాగున్నా ఆ టైర్లు వయసు మీరినవే, నాలుగు కొత్త టైర్ల డబ్బు ధరలో తగ్గించమనండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందని ఆ కంపెనీ సంతకం చేసే ఫారం 35 చేతికి రాకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఆ తర్వాత సీటు బెల్టు. 2016లో జెడ్ కోసం తిరుగుతున్నప్పుడు ఒక బ్రోకరు దగ్గర తళతళలాడే బండి దొరికింది, తోటి బళ్ల కంటే నాలుగు లక్షలు తక్కువ. ఆనందంతో యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. కూర్చుని బెల్టు పెట్టుకోబోతే కొంచెం బిగుతుగా వచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి చివరిదాకా లాగాను. అడుగున జానెడు మేర బెల్టు మీద బురద చార, గీత గీసినట్టు. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది కదా, అది అక్కడి నుంచి వచ్చిన బండి. తివాచీ, సీటు కవర్లు, పాలిష్ అన్నీ మార్చారు కానీ బెల్టు చివరిదాకా లాగాలని వాళ్లకి తట్టలేదు. అడ్వాన్స్ తిరిగి రాలేదు. యాభై వేలు పెట్టి నేర్చుకున్న పాఠం మీకు ఊరికే ఇస్తున్నా, ఏ బండయినా నాలుగు బెల్టులూ చివరిదాకా లాగి చూడండి. కేమన్‌కి రెండే అనుకోండి.

ఎప్పుడు తీసుకోవచ్చంటారా? మీ పాప ఇంకో ఎనిమిదేళ్లకి నాన్నతో కారెక్కడం నామోషీ అనుకునే వయసుకి వస్తుంది. అప్పటికి 718ల ధర ఎటు పోతుందో నేను చెప్పలేను కానీ మీ ఖర్చు మాత్రం తెలివిగా చేసుకోవచ్చు. అంతవరకూ ఆగలేననుకుంటే మస్టాంగ్‌ని ఉంచుకుని, రొయ్య ధర బాగున్న ఏడాది కేమన్ విడిగా కొనండి. లేదా ఒకరోజు నా పాత కేమన్ తీసుకెళ్లండి, ఒట్టి మాట కాదు. ఆదివారం పాపనీ, మీ ఆవిడనీ ఎక్కించుకోబోయి చూడండి. మార్కెట్ సెంటరులో ఆపి, నిక్కరు వేసుకున్న నలుగురు కుర్రాళ్లు ఫోటోలు తీస్తుండగా ఆ సీట్లోంచి మీ నాన్నగారిని దిగమనండి. సాయంత్రానికి మీకే తెలుస్తుంది.

డీలరు నెలాఖరు గడువు గురించి కంగారు పడకండి. ఆ ధరకి కేమన్‌లు ఎగబడి కొనేవాళ్లు లైన్లో ఉంటే ఆయన పాలకొల్లుకి ఫోను చేయడు. ఈలోగా మూడు రకాల ఫోటోలు పంపించండి: కేమన్ నాలుగు టైర్ల మీది అంకెలు, ఆర్‌సీ రెండు వైపులా, ముందు కన్నాల్లోకి టార్చిలైటు వేసి తీసినవి. పనిలో పనిగా మీ మస్టాంగ్ టైర్ల అంకెలు కూడా పెట్టండి. 2017వే ఇంకా నడుస్తుంటే ముందు అవి మార్చాలి.